ప్లాన్ తప్పాకే అసలు కథ: మిషన్ ఇంపాజిబుల్ వెనక అరవై ఏళ్లు

మిషన్ ఇంపాజిబుల్ ఎనిమిదో సినిమా 2025 మేలో వచ్చింది. మొదటిది వచ్చింది 1996లో. మధ్యలో గడిచిన ఇరవై తొమ్మిదేళ్లూ అదే హీరో, అదే పాత్ర. కథను మళ్లీ మొదట్నుంచి చెప్పడం గానీ, కొత్త నటుణ్ని తెచ్చి పెట్టడం గానీ జరగలేదు. హాలీవుడ్‌లో ఇంతకాలం ఇలా నడిచిన యాక్షన్ సిరీస్‌లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జనం ఎందుకు చూస్తున్నారని అడిగితే వచ్చే జవాబు ఒకటే: టామ్ క్రూజ్ డూప్ లేకుండా దూకుతాడు కాబట్టి. అది నిజమే గానీ, సగం నిజం. డూప్ లేని స్టంట్లే సిరీస్‌కు గుర్తింపు కావడం నాలుగో సినిమాతో మొదలైంది. దానికి ముందు మూడు సినిమాలున్నాయి, వాటికి ముందు ఏడు సీజన్ల టీవీ సీరియల్ ఉంది. మనల్ని సీట్లో కట్టిపడేసే పట్టు ఆ సీరియల్లోనే పుట్టింది.

బ్రూస్ గెల్లర్ సృష్టించిన ఆ సీరియల్ 1966 సెప్టెంబరులో అమెరికాలో సీబీఎస్ చానల్లో మొదలైంది. తీసింది నటి లూసిల్ బాల్ నడిపిన డెసిలూ స్టూడియో. కొన్నాళ్లకే ఆ స్టూడియో పారమౌంట్‌లో కలిసిపోయింది, హక్కులూ దాంతోపాటే వెళ్లాయి. 1964 నాటి ‘టాప్‌కాపి’ అనే దోపిడీ సినిమా గెల్లర్‌కు ప్రేరణ. అందుకే ఆయన హీరోలు పేరుకు గూఢచారులైనా పనితీరు మాత్రం దొంగల ముఠాదే. ఒకడు మారువేషాలు వేస్తాడు, ఒకడు యంత్రాలు చూసుకుంటాడు, ఒకడు బరువులు మోస్తాడు. వాళ్ల ఇల్లూ వాకిలీ గురించి, గతం గురించి కథలోకి దాదాపు ఏమీ రానిచ్చేవారు కాదు. తుపాకులు పేలడమూ తక్కువే. శత్రువును అతని మనుషులే అనుమానించి పక్కకు తప్పించేలా ఉచ్చు పన్నడం వాళ్లకు ఇష్టమైన పద్ధతి.

ప్రతి ఎపిసోడ్‌కూ ఒక వరస ఉండేది. పని అప్పగించిన టేపు అయిదు సెకన్లలో పొగలు కక్కి పాడైపోతుంది. టీమ్ ఒక గదిలో కూర్చుని సరంజామా సరిచూసుకుంటుంది. ప్లాన్ మొత్తం విప్పి చెప్పరు. ఒక మాస్కు, ఒక రిమోటు, ఒక మాత్ర, అంతే, చూపించి వదిలేస్తారు. ఏది ఎక్కడ పనికొస్తుందో మిగతా ఎపిసోడ్ అంతా మనమే లెక్క వేసుకుంటూ కూర్చోవాలి. ప్రేక్షకుణ్ని ఇలా పనిలో పెట్టడం ఆ రోజుల టీవీలో అరుదు. సీరియల్ 1973 దాకా నడిచి 171 ఎపిసోడ్లు పూర్తిచేసిందంటే బలం అక్కడే ఉంది.

సంగీతం గురించి చెప్పకపోతే అన్యాయం. అర్జెంటీనాలో పుట్టిన లాలో షిఫ్రిన్ కట్టిన ఆ ట్యూన్ అయిదు లెక్కల మీద నడుస్తుంది, మన ఖండచాపులాగా. మామూలు పాటలా నాలుగు దగ్గర కుదురుకోదు. ప్రతిసారీ ఒక దెబ్బ ఎక్కువ పడి ముందుకు తోస్తూనే ఉంటుంది. టెన్షన్‌కు ఇంతకంటే సరైన తాళం ఉంటుందనుకోను. షిఫ్రిన్ 2025 జూన్‌లో, ఎనిమిదో సినిమా వచ్చిన కొద్ది వారాలకే కన్నుమూశారు.

1996లో క్రూజ్, ఆయన భాగస్వామి పౌలా వాగ్నర్ తమ సొంత నిర్మాణ సంస్థ తొలి సినిమాగా దీన్ని ఎంచుకున్నారు. దర్శకుడు బ్రయన్ డి పాల్మా. సినిమా మొదలై అరగంట గడవక ముందే టీమ్ దాదాపు మొత్తాన్నీ చంపేశారు. పైగా సీరియల్లో ఏళ్ల తరబడి టీమ్‌ను నడిపిన జిమ్ ఫెల్ప్స్‌నే ద్రోహిగా చూపించారు. టీవీలో ఆ పాత్ర వేసిన పీటర్ గ్రేవ్స్‌కు ఇది నచ్చలేదు. ఆయన బాధ న్యాయమైనదే. టీమ్ కథ కాస్తా ఒంటరి హీరో కథ అయిపోయింది, ఆ పేచీ ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

కానీ అదే సినిమాలో సీరియల్ ఆత్మను చెక్కుచెదరకుండా పట్టుకున్న సీన్ ఒకటుంది. సీఐఏ ప్రధాన కార్యాలయంలో ఒక తెల్లటి గది, మధ్యలో కంప్యూటర్. గది ఖాళీగా ఉన్నప్పుడు పనిచేసే అలారాలు మూడు. గుసగుసను మించిన చప్పుడు కాకూడదు, గది వేడి పెరగకూడదు, నేల మీద బరువు పడకూడదు. ఈ షరతులన్నీ క్రూజ్ వేసిన హీరో ఈథన్ హంట్ ముందే మనకు వివరంగా చెప్పేస్తాడు. తర్వాత పైకప్పు నుంచి తాడు మీద వేలాడుతూ దిగుతాడు. సంగీతం ఆగిపోతుంది. పైన తాడు పట్టుకున్నవాడి పక్కకు ఎలుక వస్తుంది. తాడు జారి హంట్ నేలకు కొన్ని అంగుళాల ఎత్తులో ఆగి, చేతులు చాచి బ్యాలెన్స్ కోసం కొట్టుకుంటాడు. కళ్లద్దాల మీంచి జారిన చెమట బొట్టును అరచేత్తో పట్టుకుంటాడు. షూటింగ్‌లో ఆ బ్యాలెన్స్ కుదరక ముఖం నేలకు తగులుతుంటే, కాళ్ల వైపు బరువు కోసం షూలలో నాణేలు వేసుకున్నానని క్రూజ్ తర్వాత చెప్పారు.

సినిమా చివర్లో సొరంగంలో రైలు, దాని వెనక హెలికాప్టర్ ఉన్నాయి, ఖర్చూ దాని మీదే ఎక్కువ కనిపిస్తుంది. అయినా ఇప్పటికీ జనం చెప్పుకునేది ఆ చెమట బొట్టు గురించే. నియమాలు మనకు తెలుసు కాబట్టి బొట్టు నేల మీద పడితే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. సీరియల్లో ప్లాన్ చాలావరకు సాగిపోయేది. సినిమాలు మాత్రం ప్లాన్ చెప్పి, దాన్ని మన కళ్ల ముందే చెడగొట్టడం నేర్చుకున్నాయి. ఈ సిరీస్ ఆకర్షణంతా ఇందులోనే ఉందని నా నమ్మకం.

2000లో జాన్ వూ తీసిన రెండో భాగం డబ్బు బాగా తెచ్చింది, కానీ అందులో ప్లాన్ కంటే స్లోమోషన్ ఎక్కువ. 2006లో జె.జె. అబ్రామ్స్ తీసిన మూడోది అంతకంటే మంచి సినిమా, వసూళ్లు మాత్రం తగ్గాయి. అదే ఏడాది ఆగస్టులో క్రూజ్ సంస్థతో ఒప్పందాన్ని పారమౌంట్ తెంచుకుంది. తెర బయట ఆయన ప్రవర్తనే కారణమని మాతృసంస్థ అధిపతి సమ్నర్ రెడ్‌స్టోన్ బాహాటంగానే అన్నారు. సిరీస్ అక్కడితో ఆగిపోయినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

దాన్ని నిలబెట్టింది 2011లో వచ్చిన నాలుగో సినిమా. అప్పటిదాకా యానిమేషన్ సినిమాలే తీసిన బ్రాడ్ బర్డ్ దర్శకుడు. అందులో తడవ తడవకూ ఏదో ఒక పరికరం మొరాయిస్తుంది. తనంతట తాను పేలిపోవాల్సిన ఫోన్ పేలదు. మాస్కులు చేసే యంత్రం చెడిపోతుంది, అసలు ముఖాలతోనే వెళ్లాల్సి వస్తుంది. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా అద్దాల మీద హంట్ పాకుతుంటే, పట్టు ఇవ్వాల్సిన గ్లవ్ ఆగిపోతుంది. లైటు నీలంగా ఉంటే అతుక్కుంటుంది, ఎర్రబడితే ప్రాణం పోతుంది. ఈ లెక్క కూడా ముందే చెప్పారు. భవనం నిజం, ఎత్తు నిజం, వేలాడింది క్రూజే, తీసింది ఐమాక్స్ కెమెరా. గ్రాఫిక్స్ వాడలేదని మాత్రం అనుకోకూడదు. ప్రాణం కాపాడే కేబుళ్లను చెరిపేసింది గ్రాఫిక్సే. సినిమా దాదాపు 69 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

అప్పట్లో తెర మీద ఏదైనా కూలితే, పేలితే, జనం ఇది గ్రాఫిక్స్‌లే అనుకునే స్థితికి వచ్చేశారు. వేరే గూఢచారి సినిమాలు కెమెరా ఊపి, సెకనుకో ముక్క కోసి చూపిస్తున్నాయి. ఎవరు ఎవర్ని కొట్టారో కూడా తెలిసేది కాదు. వీళ్లు దానికి ఎదురు దారి పట్టారు: షాట్ పొడవుగా ఉంచి, ముఖం కనిపించనిచ్చారు. అయిదో సినిమా నుంచి దర్శకుడిగా స్థిరపడిన క్రిస్టఫర్ మెక్వారీ దీన్ని ఒక పద్ధతిగా మార్చారు. 2018 నాటి ఆరో సినిమా పూర్తి స్క్రిప్టు లేకుండానే మొదలైంది. అందులో విమానం నుంచి దూకే సీన్ కోసం క్రూజ్ వందకు పైగా దూకారు. సూర్యాస్తమయం వెలుగు కావాలి, అది ఉండేది కొద్ది నిమిషాలే, కాబట్టి రోజుకు ఒక్క టేకే. క్రెయిగ్ ఒబ్రయన్ హెల్మెట్ మీద కెమెరా పెట్టుకుని ఆయనతో పాటే గాల్లోకి వెళ్లారు. ఇంత సాహసం చేసిన ఈ కెమెరామన్ పేరు చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. లండన్‌లో ఒక మేడ మీంచి ఇంకో మేడకు దూకుతూ క్రూజ్ చీలమండ విరిగింది. ఆ షాట్‌నే సినిమాలో ఉంచారు. 79 కోట్ల డాలర్లతో సిరీస్‌లో అత్యధిక వసూళ్లు ఆ సినిమావే.

ఇక్కడే ఒక చిక్కు మొదలైంది. స్టంట్ ఎలా తీశారో చూపే వీడియోలు సినిమా కంటే ముందే వైరల్ అయ్యాయి. ఏడో సినిమా కోసం నార్వేలో కొండ అంచు నుంచి మోటార్‌సైకిల్‌తో దూకిన సీన్‌ను 2020 సెప్టెంబరులో, అసలు షూటింగ్ మొదటి రోజునే తీశారు. క్రూజ్‌కు ఏదైనా జరిగితే కోట్లు ఖర్చయ్యాక కాకుండా ముందే తెలియాలని అలా చేశారు. ఆ వీడియో 2022 డిసెంబరులోనే బయటికొచ్చింది. 2023 జులైలో థియేటర్లో ఆ సీన్ వచ్చేసరికి అందరికీ తెలిసిన విషయమే అయిపోయింది. స్టంట్ గొప్పదే, కానీ ఏమవుతుందోనన్న టెన్షన్ అందులో లేదు. పైగా పది రోజుల్లోనే బార్బీ, ఓపెన్‌హైమర్ వచ్చి పడ్డాయి. కోవిడ్ ఆటంకాలతో బడ్జెట్ దాదాపు 29 కోట్ల డాలర్లకు పెరిగిన ఆ సినిమా, 57 కోట్ల దగ్గర ఆగింది.

ఎనిమిదో సినిమా వచ్చేనాటికి క్రూజ్‌కు 62 ఏళ్లు. పాత విమానం రెక్క మీద పాకడం చూసి హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం డన్లో పాత్ర మళ్లీ రావడం. 1996లో ఆ తెల్లగదిలో పనిచేసి, దొంగతనం జరిగినందుకు అలాస్కాకు బదిలీ అయిన ఉద్యోగి అతను. అప్పుడు వేసిన రోల్ఫ్ సాక్సనే మళ్లీ వేశారు. శిక్షగా వెళ్లిన చోటే అతనికి మంచి జీవితం దొరికిందని తెలుస్తుంది. గెల్లర్ పాత్రలకు ఇల్లూ వాకిలీ ఇవ్వలేదు. పక్క పాత్రకు కూడా ఒక ఇల్లు ఇవ్వడానికి సిరీస్‌కు ఇన్నేళ్లు పట్టింది.

తర్వాత సినిమా ఉంటుందా అన్నది ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. 2025 ఆగస్టులో పారమౌంట్, స్కైడాన్స్ కలిసిపోయాయి. బుర్జ్ ఖలీఫా సినిమా నుంచి స్కైడాన్స్ ఇందులో భాగస్వామి, దాని అధిపతి డేవిడ్ ఎలిసన్‌దే ఇకపై తుది మాట. కొత్త హీరోను వెతికి, అతన్ని ఇంకా పెద్ద ఎత్తు నుంచి దూకించాలని చూస్తే అది పోలిక దగ్గరే ఓడిపోతుంది. టీమ్‌ను ముందుకు తెచ్చి, షరతులు స్పష్టంగా చెప్పి, ఒక గది చాలు అనుకుంటే మాత్రం దారి ఉంది. దానికి ఇంత బడ్జెట్ కూడా అక్కర్లేదు.