టూరింగ్ బండికి ఎత్తు హ్యాండిల్: ఇంట్లో బిగించుకునేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

"నాలుగు బోల్టులేగా అన్నా, పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి బండి రోడ్డు మీదుంటుంది" అని ఉదయం ఫోన్ చేసినవాడే సాయంత్రం మళ్లీ చేస్తాడు. అప్పటికి ఫెయిరింగ్ (బండి ముందు తొడుగు) ఊడదీసి ఉంటుంది, స్విచ్‌లు వైర్లకు వేలాడుతుంటాయి, కొత్త హ్యాండిల్ దర్జాగా నిలబడి ఉంటుంది. క్లచ్ కేబుల్ మాత్రం లివర్‌కి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయి ఉంటుంది. నేను బండ్ల పనిలోకి వచ్చాక ఎన్నో మారాయి గానీ ఈ సాయంత్రం ఫోన్ మాత్రం మారలేదు. ఇంట్లో చేసుకోవద్దని అనను, చక్కగా చేసుకోవచ్చు. మొదలెట్టే ముందు బుర్రలోంచి కొన్ని మాటలు తీసేయాలంతే.

అపోహ: హ్యాండిల్ మార్చడమంటే నాలుగు బోల్టుల పని

బోల్టుల వరకు నిజమే. కానీ హ్యాండిల్‌ని పట్టుకుని ఎన్ని వేలాడుతున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. క్లచ్ కేబుల్ లేదా క్లచ్ హోస్ (ఆయిల్ ఉండే గొట్టం), యాక్సిలరేటర్ కేబుళ్లు రెండు (ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి), ముందు బ్రేక్ హోస్, రెండు వైపులా స్విచ్‌ల వైరింగ్, గ్రిప్ హీటర్ ఉంటే దానివి అదనం. ఇవన్నీ పాత హ్యాండిల్ ఎత్తుకి తగ్గట్టు కంపెనీ కోసినవి. హ్యాండిల్ ఓ 25 మి.మీ. లేస్తే చాలా బండ్లలో క్లిప్పులు ఊడదీసి దారి కాస్త సవరిస్తే సర్దుకుంటాయి. 100 మి.మీ. లేపితే ఆ ఆశ పెట్టుకోకండి.

అందుకే నేను హ్యాండిల్ కంటే ముందు పొడవులు చూస్తాను. కొత్త హ్యాండిల్‌ని పైపైన బిగించి, లివర్ ఉండే చోటి నుంచి పాత కేబుల్ వెళ్లిన దారినే ఒక నూలు తాడు లాగుతాను. హ్యాండిల్‌ని రెండు పక్కలకీ చివరిదాకా తిప్పి, తాడు ఎటు ఎక్కువ అడిగితే అటు కొలత తీసుకుంటాను. పాత కేబుల్‌ని కూడా అలాగే కొలిస్తే తేడా తెలుస్తుంది. హ్యాండిల్ అమ్మేవాళ్లు ఇచ్చే పట్టికలో "ఇంత ఎత్తుకి ఇంత పొడవు" అని ఉంటుంది. అది మొదటి అంచనాకి పనికొస్తుంది గానీ, ఆర్డర్ పెట్టాల్సింది మాత్రం తాడు చెప్పిన లెక్కకే.

అపోహ: కేబుల్ అందింది కదా, ఇక చాలు

అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే. నేను పని నేర్చుకున్న కొత్తలో ఒక బండికి 75 మి.మీ. ఎత్తు హ్యాండిల్ వేశాను. పాత యాక్సిలరేటర్ కేబుల్ ఎలాగో అందింది. కొత్త కేబుల్ ఖర్చు తప్పించానని నాకు లోలోపల గర్వం కూడా. బండి ఓనరు దాన్ని తీసుకుని బయల్దేరి, మొదటి యూ టర్న్ దగ్గరే పక్కకి పడేశాడు. దెబ్బలేం తగల్లేదు, క్రాష్ గార్డ్ వంగింది. "నేను యాక్సిలరేటర్ ముట్టుకోనే లేదు, బండి దానంతటదే రేజ్ అయింది" అన్నాడు. నేను నమ్మలేదు. ఇంజిన్ ఆన్ చేసి చూస్తే, హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు ఐడిలింగ్ బుద్ధిగానే ఉంది. ఎడమకి తిప్పుతున్నకొద్దీ చప్పుడు పెరుగుతూ పోయింది, చివరికి వచ్చేసరికి ఇంజిన్ అరుస్తోంది. బిగుసుకున్న కేబుల్ బండి మెడ (హ్యాండిల్ తిరిగే చోటు) దగ్గర లాక్కుని, చెయ్యి పెట్టకుండానే యాక్సిలరేటర్ తెరిచేస్తోంది. తప్పు పూర్తిగా నాదే. గార్డూ కేబులూ రెండూ నా డబ్బులతోనే మార్చాను.

అప్పటినుంచి నాదొకటే పద్ధతి. పని అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ని ఎడమ చివరి నుంచి కుడి చివరికి మెల్లగా తిప్పుతాను. ఐడిలింగ్ ఒక్క పిసరు కూడా కదలకూడదు. ఆ రెండు చివర్లలోనూ యాక్సిలరేటర్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి కొట్టుకోవాలి, బద్ధకంగా రాకూడదు. క్లచ్ లివర్‌లో ప్లే (లివర్ కాస్త వదులుగా ఆడే సందు) రెండు చివర్లలోనూ మిగలాలి. అది సున్నా అయిపోతే మీ వేళ్లు ముట్టుకోకుండానే క్లచ్ సగం నొక్కి ఉన్నట్టు లెక్క, ప్లేట్లు కాలిపోతాయి.

ఇంకోటి చాలామంది మర్చిపోతారు. బ్రేక్ హోస్ నేరుగా కాలిపర్‌కి (చక్రం దగ్గర డిస్క్‌ని పట్టే భాగం) దిగే బండ్లలో, ముందు చక్రం గాల్లోకి లేపి కూడా చూడాలి. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే షాక్ గొట్టాలు) పూర్తిగా సాగినప్పుడు హోస్ ఇంకాస్త పొడవు అడుగుతుంది. నేల మీద సరిగ్గా ఉన్న హోస్, స్పీడ్ బ్రేకర్ మీద చక్రం ఎగిరిన క్షణంలో లాక్కుంటుంది.

అపోహ: రైజర్లు వేస్తే హ్యాండిల్ నేరుగా పైకి లేస్తుంది

లేవదు. రైజర్లు, అంటే హ్యాండిల్‌ని ఎత్తడానికి దాని కింద పెట్టే దిమ్మలు, ఫోర్క్ వాలు వెంటే లేస్తాయి, ఆ వాలు మీ వైపుకి ఉంటుంది. వాలు 26 డిగ్రీలున్న బండికి 50 మి.మీ. రైజర్ వేస్తే హ్యాండిల్ 45 మి.మీ. దాకా పైకి, 22 మి.మీ. దాకా వెనక్కి వస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్లకి ఇది వరమే. పొడుగువాళ్లకి చివరిదాకా తిప్పినప్పుడు మోకాలు తగులుతుంది, లేదంటే స్విచ్ బాక్స్ ట్యాంకుకి గుద్దుకుంటుంది. ట్యాంకు మీద మందపాటి దుప్పటి కప్పి పని చేయమని చెప్పేది ఇందుకు కూడా.

అపోహ: ఎత్తు పెంచితే నడుం నొప్పి పోతుంది

మణికట్టు, భుజాల నొప్పి ముందుకి బాగా వంగడం వల్లే వస్తుంటే తగ్గొచ్చు. నడుం సంగతి వేరు. కాస్త ముందుకి వంగినప్పుడు ఒంటి బరువులో కొంత చేతులు మోస్తాయి, కొంత ఎదురుగాలి ఆపుతుంది. నిటారుగా కూర్చుంటే బరువంతా తుంటి మీదికి చేరుతుంది, గతుకు కొట్టిన ప్రతిసారీ దెబ్బ నేరుగా వెన్నుపూసలకెక్కుతుంది. పెద్ద విండ్‌షీల్డ్ ఉన్న బండి మీద గాలి ఆసరా కూడా ఉండదు. ఇక చేతులు భుజాల ఎత్తుకి వెళ్తే గంట తిరక్కుండానే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

హ్యాండిల్ కొనే ముందు ఒక పని చేయండి. బండి నిటారుగా నిలబెట్టి ఎక్కి కూర్చుని, కళ్లు మూసుకుని, చేతులు మీకు హాయిగా ఉండే చోట పెట్టండి. పక్కనున్నవాళ్లని పిలిచి, ఇప్పుడున్న గ్రిప్‌కీ మీ పిడికిలికీ మధ్య దూరం టేపుతో కొలిపించండి. పైకెంత, వెనక్కెంత, విడివిడిగా. నా దగ్గరికొచ్చిన చాలామందికి కావలసింది ఎత్తు కాదని, హ్యాండిల్ 30 - 40 మి.మీ. తమ వైపుకి రావడమేనని ఇలాగే తేలింది. కొందరికైతే ఉన్న హ్యాండిల్‌నే క్లాంపులో కాస్త వెనక్కి తిప్పితే సరిపోయింది. పైసా ఖర్చు లేదు.

బండి నడిచే తీరు కూడా మారుతుంది. మీ బరువు వెనక్కి జరిగి ముందు చక్రం తేలికవుతుంది. వేగంలో గాలి మీ ఛాతీని తోస్తే ఆ తోపు చేతుల మీదుగా హ్యాండిల్‌లోకి దిగుతుంది. పొడుగు హ్యాండిల్, దానికింద రబ్బరు బుష్‌లు కలిస్తే చేతికి బంకబంకగా అనిపిస్తుంది. మొదటి వంద కిలోమీటర్లు కొత్త బండి నడుపుతున్నట్టే నడపండి.

అపోహ: హ్యాండిల్ మందం అన్ని బండ్లకీ ఒకటే

22.2, 25.4, 28.6, 31.8 మి.మీ. అని నాలుగు కొలతలు ఎక్కువగా కనిపిస్తాయి. పైగా ఒకే హ్యాండిల్‌కి క్లాంపు దగ్గర ఒక మందం, గ్రిప్ దగ్గర ఇంకో మందం ఉండొచ్చు. లావుగా కనిపించే 31.8 హ్యాండిళ్లలో చాలావాటికి క్లాంపు దగ్గరా, గ్రిప్ దగ్గరా 25.4 మాత్రమే ఉంటుంది. వెర్నియర్‌తో (మందం కొలిచే పనిముట్టు) రెండు చోట్లా కొలిచాకే కొనండి.

అపోహ: స్విచ్ బాక్స్ లోపలి పిన్ అడ్డొస్తే కోసేయొచ్చు

చాలా బండ్లలో స్విచ్ బాక్స్ లోపల చిన్న మొటిమలాంటి పిన్ ఉంటుంది, అది హ్యాండిల్‌లోని రంధ్రంలో కూర్చుంటుంది. కొత్త హ్యాండిల్‌కి ఆ రంధ్రం లేకపోతే కట్టర్ తీసేవాళ్లే ఎక్కువ. పిన్ పోయాక బాక్స్ గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది, యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే దాంతోపాటే జరుగుతుంది. బాక్స్ ఎక్కడుండాలో బండి మీద కూర్చుని ఖాయం చేసుకుని, గుర్తు పెట్టి, ఒక వైపు గోడకి మాత్రమే సన్న రంధ్రం వేయండి. అవతలి గోడ దాకా దిగేలా వేయకండి.

అపోహ: వైర్లు కలిపి టేపు చుట్టేస్తే సరి

వానలో ఒక ప్రయాణం చేసొచ్చాక ఇండికేటర్ వేస్తే హారన్ మోగుతుంది, అప్పుడు గుర్తొస్తాను. మీ బండికి ప్లగ్ పెట్టేస్తే సరిపోయే ఎక్స్‌టెన్షన్ వైరింగ్ దొరికితే అదే కొనండి. దొరక్కపోతే బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఒక్కో వైరుని ఒక్కో చోట కోసి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని పట్టే తొడుగు) వేయండి. అన్ని అతుకులూ ఒకేచోట పడితే అక్కడ కణుపులా లావెక్కి గొట్టంలోంచి పోదు. హ్యాండిల్ తిప్పినప్పుడు వంగే చోట అతుకు ఉండకూడదు, సోల్డర్ పక్కనే వైరు విరుగుతుంది.

వైర్లు హ్యాండిల్ లోపల్నించి పోనిస్తుంటే, ముందు రంధ్రాల అంచులు గుండ్రటి ఆకురాయితో నున్నగా చేయండి. ఒక చివర దారానికి దూది ఉండ కట్టి పెట్టి, రెండో చివర వాక్యూమ్ క్లీనర్ పెట్టండి, దారం ఇవతలికి వచ్చేస్తుంది. దాంతో గట్టి తాడు, తాడుతో వైర్లు. వైర్లకి కాస్త సబ్బునీళ్లు రాస్తే జారతాయి. లాగేవాళ్లొకరు, తోసేవాళ్లొకరు ఉంటేనే తెమిలే పని.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (కేబుల్ బదులు వైరుతో పనిచేసే యాక్సిలరేటర్) ఉంది కాబట్టి కేబుల్ బాధ లేదనుకునేవాళ్లకి ఒక మాట. హార్లే డేవిడ్‌సన్ టూరింగ్ బండ్లకి 2008 నుంచి ఇదే వస్తోంది. తిప్పుడు సెన్సర్ హ్యాండిల్ గొట్టం కొసలో కూర్చుంటుంది, దానికి తగ్గ గాడి ఉన్న హ్యాండిలే కొనాలి. కేబుల్ లేకపోయినా సెన్సర్ వైరుకి పొడవు కావాల్సిందే.

అపోహ: ఎంత బిగిస్తే అంత భద్రం

క్లాంపు బోల్టులు దిగేది ఎక్కువగా అల్యూమినియంలోకి. అతిగా బిగిస్తే మరలు పోతాయి. సర్వీస్ మాన్యువల్‌లో అంకె చూసి టార్క్ రెంచ్ (ఎంత బిగువో చూపే పానా) వాడండి. వరస కూడా ముఖ్యమే. కొన్ని బండ్లకి ముందు బోల్టులు పూర్తిగా బిగించి వెనక సందు వదలాలి, కొన్నింటికి రెండు పక్కలా సమానంగా ఉండాలి. క్లాంపు పట్టే చోట గ్రీజు, నూనె చుక్క కూడా ఉండకూడదు.

అపోహ: హోస్ చకచకా మార్చేస్తే గాలి చేరదు

చేరుతుంది. హోస్ విప్పారంటే బ్లీడింగ్ (ఆయిల్‌లో చేరిన గాలి బయటికి తీయడం) తప్పదు. బ్రేక్ ఆయిల్ డబ్బా ఉండే మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ని తోసే భాగం) మూత మీద ఏ బ్రేక్ ఆయిల్ రాసి ఉంటే అదే పోయండి. డాట్ 3, 4, 5.1 ఒక కుటుంబం. డాట్ 5 సిలికాన్, వాటితో కలవదు. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, తుడవడంతో సరిపెట్టొద్దు. బాంజో బోల్టుకి (హోస్ కొసని బిగించే, మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టు) రెండు పక్కలా ఉండే వాషర్లు ప్రతిసారీ కొత్తవి వేయాలి. పాతవి ఒకసారి నలిగినవి, మళ్లీ సరిగ్గా కూర్చోవు.

ఎత్తు హ్యాండిల్‌తో ఇంకో చిక్కుంది. మాస్టర్ సిలిండర్ కోణం మారితే బాంజో బోల్టు అన్నిటికంటే ఎత్తు చోటవుతుంది, గాలి బుడగ అక్కడ నక్కి కూర్చుంటుంది. కాలిపర్ దగ్గర ఎంతసేపు బ్లీడ్ చేసినా లివర్ స్పాంజిలా ఉంటుంది. బండిని వాల్చి మాస్టర్ సిలిండర్ పైకొచ్చేలా చేసి, కింద గుడ్డ పెట్టి, లివర్ నొక్కి పట్టి, బాంజో బోల్టుని ఒక పిసరు వదులు చేసి బిగిస్తే ఆ బుడగ చిటుక్కుమని బయటికొస్తుంది. లివర్ వదలడం మాత్రం బోల్టు బిగించాకే. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం జామ్ కాకుండా చూసేది) ఉన్న బండ్లలో గాలి దాని మాడ్యులేటర్ (పంపు, వాల్వులు ఉండే పెట్టె) లోపలికి పోతే కొన్నింటికి కంప్యూటర్ పెట్టి పంపు తిప్పితే తప్ప రాదు. ఆ ఒక్క పని కోసం సర్వీస్ సెంటర్‌కి పోవడం నామోషీ కాదు. అయితే లివర్ గట్టిపడకుండా బండి నడుపుకుంటూ వెళ్లకండి, వ్యాన్‌లో వేసి పంపండి.

లివర్ గట్టిపడ్డాక దాన్ని గ్రిప్‌కి రబ్బరు బ్యాండ్‌తో కట్టేసి, విప్పిన ప్రతి జాయింటుకీ ఒక తెల్ల టిష్యూ కాగితం చుట్టి, రాత్రంతా వదిలేస్తాను. పొద్దున కాగితాలన్నీ పొడిగా ఉంటేనే తాళం ఇస్తాను.