యూదుల స్కూళ్ళ గొడవకి అసలు మలుపు 2014

2024 డిసెంబర్‌లో బ్రిటన్ పార్లమెంటులో పిల్లల సంక్షేమం, స్కూళ్ళ బిల్లు పెట్టినప్పట్నుంచీ హరేదీ యూదులు, అంటే మతాచారం అణువంత కూడా వదలని వాళ్ళు, తమ మతపాఠశాలల్నీ స్కూళ్ళుగా రిజిస్టర్ చెయ్యాలంటోందని రోడ్డెక్కుతున్నారు. నల్లకోట్లు, టోపీలతో పార్లమెంటు బయట నిలబడ్డ ఫోటోలు చూసి "వీళ్ళకి చదువే వద్దంట" అని తేల్చేస్తున్నారు చాలామంది. హరేదీలెవరు, లండన్‌కి ఎలా వచ్చారు అనేది ఇప్పటికే చాలామంది రాశారు, అది వదిలేసి నేరుగా 2014కి వెళ్దాం, ఎందుకంటే ఇవాళ్టి భయమంతా అక్కడే పుట్టింది.

ఆ ఏడాది మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఒక ఆకాశరామన్న ఉత్తరం బయటపడింది, కొందరు ముస్లింలు గవర్నమెంటు స్కూళ్ళని లోపల్నుంచి చేతుల్లోకి తీసుకునే ప్లాన్‌లో ఉన్నారని. దీన్నే ట్రోజన్ హార్స్ వ్యవహారం అన్నారు. ఆ ఉత్తరం దొంగదని తర్వాత చాలామంది తేల్చారు. యూదులకి దీంతో ఏ సంబంధమూ లేదు, కానీ జూన్‌లో విద్యామంత్రి మైకేల్ గోవ్ ఇకమీదట ప్రతి స్కూలూ బ్రిటిష్ విలువలు నేర్పాల్సిందే అన్నాడు. ప్రజాస్వామ్యం, చట్టం, వ్యక్తి స్వేచ్ఛ, వేరే నమ్మకాల వాళ్ళ పట్ల గౌరవం, సహనం. అక్కడి మన తెలుగు పిల్లలకి స్కూల్లో చెప్పేవీ ఇవే, 2011 నాటి టెర్రరిజం నిరోధక పాలసీలోంచి తీసినవి.

అప్పటిదాకా ప్రైవేటు స్కూళ్ళ రూల్ ఏంటంటే, ఈ విలువల్ని గౌరవించేలా పిల్లల్ని ప్రోత్సహిస్తే చాలు. ఆ సెప్టెంబర్ నుంచి స్కూలే వాటిని ముందుకొచ్చి ప్రచారం చెయ్యాలి, పైగా 2010 ఈక్వాలిటీ చట్టం వివక్ష చూపకూడదన్న తొమ్మిది అంశాల్ని ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకుని మనుషుల్ని గౌరవించడం నేర్పాలి. జాతి, వైకల్యం, మతం లాంటి వాటితో పేచీ లేదు, చిక్కు ముఖ్యంగా లైంగిక ధోరణి దగ్గరే. ఆ శరత్కాలంలోనే మాంచెస్టర్ పక్కనున్న సాల్‌ఫర్డ్‌లో ఆడపిల్లల యూదు స్కూల్లో ఇన్‌స్పెక్టర్లు స్వలింగ సంబంధాల గురించి అడిగారని, పిల్లలు బెదిరిపోయారని ఆర్థడాక్స్, అంటే సంప్రదాయ యూదు, స్కూళ్ళ సంఘం కంప్లైంట్ చేసింది. సూటిగా అడగకపోతే ఎలా తెలుస్తుందంది స్కూళ్ళని తనిఖీ చేసే సర్కారు సంస్థ ఆఫ్‌స్టెడ్.

2017లో లండన్‌లోని విష్నిట్జ్ గర్ల్స్ స్కూల్ అనే హరేదీ స్కూలు ఆఫ్‌స్టెడ్ తనిఖీలో ఫెయిలైంది. అక్కడున్నది 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలు! నమ్మకాలు, జీవనశైలి ఏదైనా అందర్నీ గౌరవించమని ఆ స్కూల్ నేర్పుతోందని రిపోర్టులోనే రాశారు, అయినా లైంగిక ధోరణి గురించి విడిగా చెప్పట్లేదు కాబట్టి ఫెయిల్. గౌరవం నేర్పిన స్కూల్ని గౌరవం పేరుతోనే తప్పు పట్టడం నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడలేదు.

చట్టం అందరికీ ఒకటే, ఆ స్కూళ్ళలోనూ గే పిల్లలుంటారు కదా అన్నది అటువైపు వాదన. 2018లో యెసోదే హతోరా అనే లండన్ హరేదీ ఆడపిల్లల స్కూల్లో పాఠ్యపుస్తకాల్లో స్వలింగ సంబంధాల ప్రస్తావనలతో సహా కొన్ని భాగాల్ని కనపడకుండా చేసేశారని బయటపడ్డాక ఆ వాదనకి బలమొచ్చింది.

కానీ అదే ఏడాది సెప్టెంబర్‌లో జరిగినదాన్ని ఈ గొడవలో అంతగా గుర్తుచేసుకోరు. బ్రిటన్ యూదుల ప్రధాన మతగురువు (చీఫ్ రబ్బీ) ఎఫ్రయిమ్ మిర్విస్, కేషెట్ యూకే అనే యూదు ఎల్‌జీబీటీ సంస్థతో కలిసి ఆర్థడాక్స్ స్కూళ్ళకోసం ఎల్‌జీబీటీ పిల్లల సంక్షేమం మీద ఒక గైడ్ తెచ్చాడు. యూదుల ధర్మగ్రంథం తోరాలోని నిషేధాల్ని మార్చలేదు, నీలాగే నీ పొరుగువాణ్ణి ప్రేమించు అన్న అదే తోరాలోని లేవీయకాండం వాక్యం లాంటివి పట్టుకుని ఏ పిల్లనీ వేధించనివ్వకూడదన్నాడు. ఒత్తిడితో కాకుండా వాళ్ళ గ్రంథంలోంచే వచ్చిన మాట అది. 2016లో జీసీఎస్‌ఈ, అంటే మన పదో తరగతి లాంటి పరీక్ష, మతాల సబ్జెక్టులో రెండో మతం తప్పనిసరైనప్పుడు యూదు స్కూళ్ళు ఇస్లాం నేర్పాలని సూచించింది కూడా ఈయనే. ఇక ట్రోజన్ హార్స్ పుట్టిన బర్మింగ్‌హామ్‌లోనే కింగ్ డేవిడ్ అనే యూదు ప్రైమరీ స్కూలుంది, చాలా ఏళ్ళుగా అక్కడ పిల్లల్లో ఎక్కువమంది ముస్లింలే, హీబ్రూ పాటలు పాడుతూ కోషర్, అంటే యూదుల ఆచారం ప్రకారం వండిన, భోజనం తింటారు.

హరేదీలు చీఫ్ రబ్బీ మాట వినేవాళ్ళు కాదు, అందుకే ఆ దారి వాళ్ళదాకా వెళ్ళలేదు. వాళ్ళ యెషివాల్లో, అంటే మతపాఠశాలల్లో, మగపిల్లలు చదివేది మతగ్రంథాలే కాబట్టి ఇన్నాళ్ళూ చట్టం వాటిని స్కూళ్ళుగా లెక్కెయ్యలేదు. రోజంతా పిల్లలుండే చోటు రిజిస్టర్ కావాల్సిందే అంది 2024 నాటి ఆ బిల్లు. పిల్లలు ఎక్కడున్నారో సర్కారుకి తెలియాలన్నది న్యాయమే, కానీ ఒకసారి రిజిస్టరైతే 2014 నాటి రూల్సన్నీ వర్తిస్తాయి, విష్నిట్జ్ మీద వాడినవి కూడా.