బడికి నెట్‌వర్క్ పెట్టించేముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో గాజువాక నుంచి భీమిలి దాకా చిన్న చిన్న ప్రైవేటు స్కూళ్ళకి నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. కొటేషన్ చేతికివ్వగానే కరస్పాండెంట్ గారి వేలు ఒకే లైను మీద ఆగుతుంది: "కేబుల్‌కే ఇంతా?" ఆరు యాంటెన్నాల రౌటర్ రేటు మాత్రం అడగరు.

అపోహ: కేబుల్ ఏదైనా ఒకటే, చవకది చాలు.

మిగతావన్నీ ఐదారేళ్ళకి మార్చేస్తాం, గోడలోకి పోయిన తీగని మాత్రం ముట్టుకోం. చవక పెట్టెల్లో తరచూ వచ్చేది రాగి పూత పూసిన అల్యూమినియం. షాపులోనే తేల్చుకోవచ్చు: చివర తొక్క తీసి ఒక తీగని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అక్కడే వదిలేసి రండి. 305 మీటర్ల పెట్టె ఎత్తి చూసినా తెలుస్తుంది, రాగిది బరువెక్కువ. అల్యూమినియం కరెంటు మోసేది రాగిలో సుమారు 60 శాతమే. అదే తీగలో యాక్సెస్ పాయింట్‌కి, అంటే వైఫై వెదజల్లే డబ్బాకి, కరెంటు కూడా పంపితే, అంటే పీఓఈ వాడితే, దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. అసలు రాగిదైతే 100 మీటర్ల వరకు క్యాట్ 5ఈ రకం కేబుల్ మీద కూడా గిగాబిట్ వేగం వస్తుంది. కొత్తగా వేయిస్తున్నారు కాబట్టి దాని పై రకం క్యాట్ 6 వేయించండి, అంతకు మించి వద్దు.

పైగా మనది ఉప్పుగాలి ఊరు. సముద్రం వైపు పిట్టగోడకి బిగించిన యాక్సెస్ పాయింట్ మాటిమాటికీ ఆగిపోతోందని ఒక స్కూలువాళ్ళు పిలిచారు. జాక్ ఊడదీస్తే రెండు పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఆ జాక్‌ని గాలికి వదిలేసింది నేనే. ఇప్పుడు బయట ఏది పెట్టినా జాక్ మూతపెట్టెలోకి పోవాలి, లోపలికి వెళ్ళేముందు తీగ కిందికి వంపు తిరగాలి. వాననీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

అపోహ: పెద్ద రౌటర్ ఒక్కటి మూడంతస్తులకీ సరిపోతుంది.

రౌటర్ అరిస్తే ట్యాబ్‌కి వినబడుతుందేమో గానీ, ట్యాబ్ గొంతు శ్లాబులు దాటి రౌటర్ దాకా రావాలి కదా! వాడకం ఉన్న చోటల్లా ఒక మామూలు యాక్సెస్ పాయింట్ పెట్టి, సిగ్నల్ పవర్ తగ్గించండి. పక్కపక్కవి ఒకదానికొకటి అడ్డురాకుండా వేర్వేరు ఛానెళ్ళలో పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు 1, 6, 11 మాత్రమే. ఇక ల్యాబ్ కంప్యూటర్లంటారా, కదలని వాటికి వైఫై ఎందుకండీ?

అపోహ: కేబుళ్ళన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్‌కి పోర్టులు లెక్కపెట్టుకుంటే చాలు.

పీఓఈ స్విచ్‌లో వాట్లు కూడా లెక్కపెట్టాలి. 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం ఉన్న పోర్టు ఒక్కోటి 15.4 వాట్ల వరకు ఇవ్వగలదు. ఎనిమిదింటికీ నిండుగా ఇవ్వాలంటే 123 పైచిలుకు కావాలి. డబ్బా మీద మొత్తం 65 అని ఉంటే నిండుగా అందేది నాలుగింటికే.

కొంచెం ఎక్కువైనా మేనేజ్డ్ స్విచ్, అంటే సెట్టింగులు మార్చుకోగలిగేది, తీసుకోండి. ఒకసారి ల్యాబ్‌లో ఎవరో వేలాడుతున్న కేబుల్ రెండు చివరలూ ఒకే స్విచ్‌లో గుచ్చేశారు, అంతే, స్కూలంతా నెట్ బంద్. ఆ మామూలు స్విచ్‌కి ఇలా తిరిగి తనలోకే వచ్చే లూప్‌ని పట్టుకునే తెలివి లేదు. ఫీజులు, మార్కులుండే ఆఫీసు కంప్యూటర్లని పిల్లల ల్యాబ్ నుంచి వీల్యాన్‌తో, అంటే ఒకే స్విచ్‌ని వేర్వేరు నెట్‌వర్కులుగా పంచి, విడదీయాలన్నా మేనేజ్డే కావాలి.

అపోహ: సెకండ్ హ్యాండ్ సామాను అసలు ముట్టుకోకూడదు.

ఆఫీసుల్లో తీసేసిన గిగాబిట్ స్విచ్ నిక్షేపంగా పనిచేస్తుంది, ఫ్యాను మోతే భరించాలి. అప్‌డేట్లు ఆగిపోయిన రౌటర్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

అపోహ: రెండో బిల్డింగుకి గ్రౌండు మీదుగా కేబుల్ లాగేస్తే సరి.

2014లో హుద్‌హుద్ చూసినవాళ్ళం, గాలికి వేలాడే తీగ గతేంటో మనకి ఒకరు చెప్పాలా? పిడుగు పక్కన పడినా చాలు, రాగి తీగ వెంట రెండు వైపులా స్విచ్‌లు మాడతాయి. లోహం లేని ఫైబర్ (గాజు పోగుల కేబుల్) అయితే ఆ గొడవ లేదు. పైపులో, భూమిలోంచి వేయించండి. రెండు కోర్లు, అంటే పోగులు, చాలనిపించినా ఆరు కోర్లది తీసుకోండి, గొయ్యి తవ్వే కూలీ ముందు ఆ తేడా ఏపాటిది!