ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో: ఎవరి ఆకాశం మీదుగా?

పాకిస్తాన్ తన గగనతలం మూసివేతను మరో నెల పొడిగించిన ప్రతిసారీ అమెరికా వెళ్లే మన విమానాల ప్రయాణ సమయం వార్తల్లోకి వస్తోంది. పహల్గామ్ దాడి, ఆ తర్వాత 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలను అడ్డుకోవడం పాఠకులకు తెలిసినవే. అమెరికా సంస్థలకు, ఎయిర్ ఇండియాకు మధ్య అసలు పేచీ మొదలైంది మాత్రం 2022 ఫిబ్రవరి 28న. ఉక్రెయిన్ యుద్ధంపై ఆంక్షలకు ప్రతిగా రష్యా 36 దేశాల విమానాలకు తన ఆకాశాన్ని మూసేసిన రోజది. ఆ జాబితాలో భారత్ లేదు. ఆ తర్వాత అమెరికా సంస్థలకూ ఆ దారి మూసుకుపోయింది.

గ్లోబు మీద దారం పరిచి కొలిస్తే ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు సుమారు 12,400 కిలోమీటర్లు. ఆ దారం సైబీరియా మీదుగానే సాగుతుంది. అయితే ఢిల్లీ నుంచి నేరుగా ఉత్తరానికి వెళ్లడం కష్టం. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం పది వేల అడుగులకు దిగాలి. టిబెట్‌లో నేలే అంతకంటే ఎత్తు. అందుకే పాకిస్తాన్ దాటి మధ్య ఆసియా, అక్కడి నుంచి రష్యా. (పసిఫిక్ దారి కూడా ఉంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా అటు 15,300 కిలోమీటర్లు ఎగిరినా, వెనుక గాలి పుణ్యమా అని పద్నాలుగున్నర గంటల్లో చేరింది.)

2019 డిసెంబరులో ఇదే మార్గంలో విమానం మొదలుపెట్టిన అమెరికా సంస్థ యునైటెడ్, రష్యా దారి మూసుకుపోయాక సర్వీసు ఆపేసింది. ఎయిర్ ఇండియా ఎగురుతూనే ఉంది. పోటీదారుకు దగ్గరి దారి, తక్కువ ఇంధనం; తమకు చుట్టుదారి; ఇదేం న్యాయమని అమెరికా సంస్థలు వాషింగ్టన్‌లో గట్టిగా అడిగాయి. అమెరికన్లున్న విమానం రష్యాలో దిగాల్సి వస్తే ఏమిటన్నది వారి రెండో ప్రశ్న. 2023 జూన్ 6న అదే జరిగింది. ఇంజిన్ లోపంతో ఎయిర్ ఇండియా విమానం ఓఖోత్స్క్ సముద్ర తీరాన మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఊళ్లో అంతమందికి సరిపడా హోటళ్లు లేక కొందరు బడి గదుల్లో నేల మీద పరుపులు వేసుకుని పడుకున్నారు. ముంబై నుంచి వెళ్లిన మరో విమానం వారిని జూన్ 8న గమ్యం చేర్చింది.

తాము ఆంక్షల్లో భాగం కాని దేశపు సంస్థ అన్నది ఎయిర్ ఇండియా పక్షం. అదీ నిజమే.

ఇప్పుడు పాకిస్తాన్ ఆకాశం విదేశీ సంస్థలకు తెరిచి ఉంది, మనవాటికి లేదు. ఏడాదికి 60 కోట్ల డాలర్ల అదనపు భారం పడుతుందని, ప్రభుత్వం ఆదుకోవాలని 2025లో ఎయిర్ ఇండియా కోరింది. ప్రయాణికులు పోటీ సంస్థల వైపు మళ్లుతారన్న వాదన అందులో ప్రధానం. 2022లో అమెరికా సంస్థలు చెప్పిందీ దాదాపు ఇదే. 2019లో బాలాకోట్ తర్వాత ఫిబ్రవరి 27 నుంచి జూలై 16 వరకు పాక్ ఆకాశం మూతపడినప్పుడు, జూలై 2 నాటికే ఎయిర్ ఇండియా నష్టం 491 కోట్ల రూపాయలని రాజ్యసభలో ప్రభుత్వమే చెప్పింది.

ఈసారి అమెరికా మార్గంలోని కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు ఇంధనం కోసం వియన్నాలో, కోపెన్‌హాగన్‌లో ఆగాల్సి వచ్చింది. దాని ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసు 2025 సెప్టెంబరు 1 నుంచి నిలిచిపోయింది. అమెరికాకు వెళ్లే హైదరాబాద్ ప్రయాణికుడికి దుబాయ్, దోహా మీదుగా దారి కూడా ఉంది.