మ్యాక్ మెనూ బార్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో మ్యాక్‌లు, అంటే యాపిల్ కంప్యూటర్లు, రిపేరు చేయడం నా పని. పరకాల, నర్సంపేట, జనగామ నుంచి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు ఎక్కువగా వస్తుంటారు. వాళ్లు చెప్పే కంప్లయింట్లలో చాలావాటికి స్క్రూడ్రైవర్ పట్టే అవసరమే ఉండదు. తెర పైఅంచున ఉన్న మెనూ బార్‌లోనే జవాబు దొరుకుతుంది. అది తెలియక డబ్బులు పోగొట్టుకుంటుంటే బాధేస్తుంది.

అపోహ: నెట్ స్లో అయిందంటే వైఫై చిప్ పోయినట్టే.

వాస్తవం: ముందు ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని, పైన వైఫై గుర్తు మీద క్లిక్ చేయండి. మామూలుగా కనిపించని ఐపీ అడ్రస్, ఛానల్, ఆర్ఎస్ఎస్ఐ లాంటివన్నీ బయటపడతాయి. ఆర్ఎస్ఎస్ఐ అంటే సిగ్నల్ బలం. అది మైనస్ అంకె కాబట్టి సున్నాకు ఎంత దగ్గరుంటే అంత మంచిది. మైనస్ 50 ఉంటే ఢోకా లేదు, మైనస్ 80 దాటితే కష్టమే.

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో పరకాల నుంచి ఒక తమ్ముడు టెన్షన్‌తో వచ్చాడు. "అన్నా, చిప్ మార్చాలంటున్నరు, ఎంతయితది?" అన్నాడు. నా దగ్గర చూస్తే మైనస్ 48, మ్యాక్ శుభ్రంగా ఉంది. ఇంటికెళ్లాక అదే మెనూ తెరిచి ఫోన్‌లో చదివాడు: మైనస్ 83. రౌటర్ కింది గదిలో ఇనుప బీరువా వెనకాల ఉందట. మెట్ల దగ్గరికి మార్చితే మైనస్ 60కి వచ్చింది. రూపాయి ఖర్చు లేదు.

ఈ ఆప్షన్ కీని వేరేచోట్ల కూడా వాడండి. సౌండ్ గుర్తు మీద వాడితే మైక్ ఎంచుకోవచ్చు. చాలా యాప్‌ల ఫైల్ మెనూలో డూప్లికేట్ కాస్తా సేవ్ యాజ్ అవుతుంది.

అపోహ: ఐకాన్ పైన కనిపించలేదంటే యాప్ సరిగా ఎక్కలేదు.

వాస్తవం: 2021 మ్యాక్‌బుక్ ప్రోతో, 2022లో ఎం2 ఎయిర్‌తో తెర పైన కెమెరా నాచ్, అంటే కెమెరా కోసం వదిలిన నల్లటి గాటు, వచ్చింది. ఐకాన్లు ఎక్కువైతే దాని వెనక మరుగున పడతాయి. వీడియో ఎడిటింగ్ యాప్ ఫైనల్ కట్ లాంటి మెనూలు ఎక్కువున్న యాప్‌లో ఇంకా చోటు తగ్గుతుంది. ఫైళ్లు చూపే ఫైండర్‌కు మారి చూడండి, చాలాసార్లు ఐకాన్ అక్కడే ఉంటుంది. కమాండ్ కీ పట్టుకుని ఐకాన్లను లాగి వరుస మార్చుకోవచ్చు. వైఫై, బ్యాటరీ లాంటి సిస్టమ్ ఐకాన్లను అదే కీ పట్టుకుని బార్ నుంచి కిందికి లాగి వదిలితే తొలగిపోతాయి. అప్పటికీ చాలకపోతే ఐకాన్లను దాచిపెట్టే హిడెన్ బార్ అనే ఉచిత యాప్ ఉంది.

అపోహ: మెమరీని ఖాళీ చేస్తామనే ర్యామ్ క్లీనర్ యాప్ లేకపోతే మ్యాక్ నెమ్మదిస్తుంది.

వాస్తవం: దయచేసి కొనకండి. 2013 నాటి మావెరిక్స్ అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్ నుంచీ మ్యాక్ తన మెమరీని తానే కుదించుకుంటోంది. మ్యాక్‌తోనే వచ్చే యాక్టివిటీ మానిటర్ యాప్‌లో మెమరీ ప్రెషర్ గ్రాఫ్ పచ్చగా ఉంటే ర్యామ్ నిండినట్టు కనిపించినా నష్టం లేదు. విండో మూలనున్న ఎర్ర బటన్ నొక్కితే యాప్ మూతపడుతుందనుకోవడం కూడా పొరపాటే. చాలా యాప్‌లలో మూసుకునేది ఆ విండో మాత్రమే, పూర్తిగా ఆపాలంటే కమాండ్ క్యూ కొట్టాలి.

అపోహ: తెలుగు టైపింగ్‌కు వేరే సాఫ్ట్‌వేర్ కొనాలి.

వాస్తవం: సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్‌కు వెళ్లి, ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు కలుపుకోండి. మెనూ బార్‌లో భాష గుర్తు వస్తుంది. అందులో కీబోర్డ్ వ్యూయర్ తెరిస్తే ఏ కీలో ఏ అక్షరముందో తెర మీదే కనిపిస్తుంది. షిఫ్ట్ నొక్కి చూడండి, అక్షరాలు మారతాయి. ఒక్క మాట: పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన శుభలేఖల ఫైళ్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేకపోతే వాటిని మార్చుకున్నాకే ఇక్కడ చదవగలం.