టెగూ బల్లికి రాయలసీమ ఎండ ఒక్కటే చాలదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో టెగూలను పెంచేవారు తక్కువే అయినా, పశువైద్యుడిగా నా దగ్గరకు వచ్చే టెగూల జబ్బుల్లో అధిక భాగం క్రిముల వల్ల కాక, గూటి అమరికలోని లోపాల వల్ల వచ్చినవే.

అపోహ: మన ఊరి ఎండకు హీటింగ్ లైటు దండగ.

వాస్తవం: అర్జెంటీనా, బ్రెజిల్, పరాగ్వే ప్రాంతాలకు చెందిన నలుపు తెలుపు టెగూకు వేడి ఎంత అవసరమో, ఆ వేడి నుంచి తప్పుకొనే చోటు కూడా అంతే అవసరం. అది ఎండ కాచుకునే రాతి పైభాగం సుమారు 50 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అదే గూటి రెండో కొసన గాలి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ రెండు చోట్ల మధ్య తిరుగుతూనే అది ఒంటి వేడిని సరిచేసుకుంటుంది, తిన్నది అరిగించుకుంటుంది. మే నెలలో గది లోపలే 38 డిగ్రీలు దాటితే చల్లని కొస అన్నదే మిగలదు. చెమట పట్టని ఈ జంతువు నోరు తెరిచి రొప్పుతుంది, అలాగే వదిలేస్తే ప్రాణానికే ముప్పు. అందువల్ల వేసవిలో హీటింగ్ లైటును ఉదయపు వేళకు పరిమితం చేసి, మధ్యాహ్నం గదిని చల్లబరచాలి. 20 డిగ్రీలకు దిగువకు జారే డిసెంబరు రాత్రుల్లో మాత్రం వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌కు కలిపిన, వెలుతురు ఇవ్వని సిరామిక్ హీటరు కావాలి. కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్లను నేను అసలు సిఫారసు చేయను, వాటి మీద పడుకున్న టెగూలకు పొట్ట కాలుతుంది.

అపోహ: బల్లి జాతి కాబట్టి పొడి వాతావరణమే మంచిది.

వాస్తవం: టెగూకు 70 నుంచి 80 శాతం తేమ కావాలి. మన గాలిలో ఏడాదిలో ఎక్కువ కాలం అంత తేమ ఉండదు. తేమ చాలకపోతే కుబుసం వేళ్ల చుట్టూ, తోక కొసన ఉంగరంలా బిగిసి, రక్తప్రసరణ ఆగి ఆ భాగం ఎండి ఊడిపోతుంది. దానిని చేత్తో లాగకూడదు, గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. మట్టి, కొబ్బరి పొట్టు కలిపి కనీసం అడుగు లోతున పరిచి, కింది పొర తడిగా, పైపొర కాస్త ఆరినట్టుగా ఉంచితే టెగూ తానే తవ్వుకొని తేమను వెతుక్కుంటుంది.

అపోహ: కిటికీలోంచి ఎండ పడితే యూవీబీ లైటుతో పని లేదు.

వాస్తవం: కిటికీ అద్దం ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. ఆ కిరణాలు లేనిదే చర్మంలో విటమిన్ డి3 తయారవదు. కాల్షియం ఒంటబట్టక కింది దవడ మెత్తబడుతుంది, కాళ్లు వణుకుతాయి, ఎముకలు వంకర తిరుగుతాయి. వెలుగుతున్నంత మాత్రాన యూవీబీ ట్యూబు పనిచేస్తున్నట్టు కాదు, రకాన్ని బట్టి 6 నుంచి 12 నెలలకు దానిని మార్చాలి.

అపోహ: ఎముకలు తీసిన కోడి మాంసం, పచ్చి గుడ్లు పెడితే బలంగా పెరుగుతుంది.

వాస్తవం: అలా పెంచితే బలానికి బదులు కొవ్వు పడుతుంది, కాల్షియం కరువవుతుంది. పచ్చి తెల్లసొన అతిగా తింటే బయోటిన్ అనే విటమిన్ లోపం కూడా రావచ్చు. టెగూ పిల్లలకు రోజూ పురుగులు, పెద్దవాటికి వారానికి రెండు మూడు సార్లు ఎముకలతో సహా మాంసం, కొన్ని పండ్లు సరిపోతాయి.

అపోహ: చలికాలంలో మేత మాని పడుకుంటే జబ్బు చేసినట్టే.

వాస్తవం: అది వాటి సహజమైన శీతకాల నిద్ర కావచ్చు. బలవంతంగా తినిపిస్తే చల్లబడిన కడుపులో మేత కుళ్లుతుంది. నీటి గిన్నె అందుబాటులో ఉంచి, అప్పుడప్పుడు తూకం వేయాలి. బరువు వేగంగా పడిపోతేనో, ముక్కు కారితేనో, కళ్లు లోతుకు పోతేనో వైద్యుడికి చూపించాలి.

అపోహ: ఉడుము, టెగూ ఒకటే, కాబట్టి రెండింటినీ పెంచుకోవచ్చు.

వాస్తవం: మన ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, దానిని ఇంట్లో పెట్టుకోవడం నేరం. టెగూ విదేశీ జీవి అయినా సైటిస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) రెండో అనుబంధంలోనిది కనుక, 2024 నాటి నిబంధనల ప్రకారం దానిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి.