విదేశీ కోడలు, విదేశీ అల్లుడు: హైదరాబాద్ తిరిగొచ్చేవాళ్ల అపోహలు - వాస్తవాలు

"మా ఇంటి కోడలే గద మేడమ్, ఇంకేం కాగితాలు?"

సంక్రాంతి వెళ్లిన వారంలో నా ఆఫీసుకొచ్చిన ఒక అత్తగారు అడిగిన మాట ఇది. అడుగుతూనే సంచిలోంచి పెళ్లి ఆల్బమ్ తీసి టేబుల్ మీద పెట్టారు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, ఏదీ వదలకుండా ఫొటోలు తీయించారు. పక్కనే కోడలు, పోలండ్ అమ్మాయి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. అబ్బాయి వార్సాలో ఆరేళ్లు ఉద్యోగం చేసి, నాన్నగారి ఆరోగ్యం దెబ్బతినడంతో కొండాపూర్‌కు తిరిగొచ్చేశాడు. అమ్మాయి వచ్చింది టూరిస్టు వీసా మీద. ఉండటానికి ఇంకా 19 రోజులే మిగిలున్నాయి.

నేను హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా విదేశీ భార్యల, భర్తల వీసా, ఓసీఐ, పౌరసత్వ వ్యవహారాలు చూస్తున్న లాయర్‌ని. నా దగ్గరికి వచ్చే జంటల్లో చాలామంది ఏడాదో రెండేళ్లో పోగొట్టుకుని వస్తారు. బాబాయి చెప్పాడనో, వాట్సాప్ గ్రూపులో చూశామనో, ఏజెంటు హామీ ఇచ్చాడనో అంటారు. వాళ్ల నోట తరచుగా వినే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అమెరికాలో గ్రీన్ కార్డు ఇచ్చినట్టే ఇక్కడా భార్యకో భర్తకో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఇప్పించుకోవచ్చు.

పెళ్లి ఆధారంగా ఇచ్చే పీఆర్ మన దేశంలో లేదు. ఆ పేరుతో 2016లో వచ్చిన పథకం పెట్టుబడిదారులకు. పద్దెనిమిది నెలల్లో 10 కోట్లో, మూడేళ్లలో 25 కోట్లో పెట్టి, ఏటా కనీసం ఇరవై మంది భారతీయులకు ఉద్యోగాలు చూపించాలి. ఇంటికి తిరిగొచ్చిన జంటకు దానితో పనిలేదు.

మనవాళ్ల భార్యాభర్తలకు ఉన్న దారి వేరు. మొదట ఎంట్రీ వీసా, అందులోనూ ఎక్స్-2 అనే రకం. ఆ తర్వాత ఓసీఐ కార్డు, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా. ఆచరణలో శాశ్వత నివాసం అనదగ్గది ఇదే. జీవితకాలం చెల్లుతుంది, ఎన్నాళ్లున్నా ఎఫ్ఆర్ఆర్ఓలో (విదేశీయుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం) నమోదు అక్కర్లేదు, ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు. పౌరసత్వం కావాలనుకుంటే అది ఇంకా పై మెట్టు.

అపోహ: గుళ్లో పెళ్లయింది, పంతులుగారు సర్టిఫికెట్ ఇచ్చారు, అది చాలు.

అన్నిటికంటే ఎక్కువ మందిని దెబ్బతీసేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పౌరసత్వ చట్టం 7ఏ సెక్షన్ ప్రకారం, విదేశీ మూలాలున్న జీవిత భాగస్వామికి ఓసీఐ రావాలంటే పెళ్లి రిజిస్టర్ అయి ఉండాలి, దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్లు ఎడతెగకుండా కొనసాగి ఉండాలి. ఫొటోలు, శుభలేఖ, గుడి రసీదు ఆ రిజిస్ట్రేషన్‌కు బదులు కావు. ఇక రిజిస్ట్రేషన్ ఏ చట్టం కింద అన్నది ఇంకో ప్రశ్న. హిందూ వివాహ చట్టం వర్తించాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. ఒకరు క్రైస్తవులుగానే ఉండి, గుళ్లో తాళి కట్టించుకుని, ఆ చట్టం కింద రిజిస్టర్ చేయించుకున్నా ఆ పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అది మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు నుంచి వెళ్లిన కేసే. కాగితం మీద ముద్ర ఉంది కదా అని ఊరుకుంటే, ఎన్నేళ్ల తర్వాతైనా అది కూలిపోవచ్చు.

మతాలు వేరైన జంటకు సరైన చట్టం 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా నివాసం ఉండాలి. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. విదేశీయుల దగ్గర వాళ్ల రాయబార కార్యాలయం నుంచి అవివాహితులమనే ధ్రువపత్రం అడుగుతారు, అది తెప్పించుకోవడానికే కొందరికి ఎక్కువ రోజులు పడుతుంది. సంప్రదాయం ప్రకారం పెళ్లి ముందే అయిపోయిందా? ఆ పెళ్లిని ఇదే చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్టర్ చేయించుకునే వీలుంది. ఇది చాలామందికి తెలియదు. కానీ ఆ పెళ్లి ప్రత్యేక వివాహ చట్టం కిందిదిగా లెక్కకొచ్చేది రిజిస్టర్‌లో ఎక్కిన రోజు నుంచి. అందుకే పెళ్లయిన నెలలోపే ఈ పని చూసుకోమని బతిమాలుతుంటాను.

విదేశంలో అక్కడి చట్టం ప్రకారం పెళ్లి చేసుకున్నవాళ్లకు ఇంత తిప్పలు లేదు. ఆ దేశపు సర్టిఫికెట్‌కు అపోస్టిల్, అంటే వేరే దేశాల్లోనూ చెల్లేలా ఆ దేశ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర, చేయించుకోవాలి. అపోస్టిల్ ఒప్పందంలో లేని దేశమైతే అక్కడి భారత రాయబార కార్యాలయంతో ధ్రువీకరణ చేయించుకోవాలి. ఈ పని అక్కడుండగానే అయిపోవాలి. ఇల్లు ఖాళీ చేసి, కంటైనర్ సర్దేసి ఇక్కడికొచ్చాక గుర్తొస్తే ఎవరో స్నేహితుణ్ణి పంపించాల్సి వస్తుంది.

ఇంకో చిక్కు మన ఇంటిపేర్లతో. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే "ఫస్ట్ నేమ్ అన్‌నోన్". పెళ్లి సర్టిఫికెట్‌లోనూ అదే ఎక్కుతుంది. అప్పుడు ఆ ఎఫ్ఎన్‌యూ, ఈ అబ్బాయి ఒక్కరేనని నిరూపించుకోవాలి. పెళ్లి రిజిస్ట్రేషన్‌కు ముందే పాస్‌పోర్టులో పేరు సరిచేయించుకోండి.

అపోహ: రెండేళ్లు నిండేదాకా టూరిస్టు వీసాతో వచ్చిపోతూ నెట్టుకురావచ్చు.

టూరిస్టు వీసా చుట్టపుచూపుకు వచ్చేవాళ్లకు. వీసా ఐదేళ్లదైనా లోపల ఉండగలిగే రోజులకు హద్దు ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది, టూరిస్టు వీసా మీద ఉండగా ఇక్కడి నుంచి ఓసీఐకి దరఖాస్తు చేయనివ్వరు. ఇక్కడ దరఖాస్తు చేయాలంటే ఆరు నెలలు ఎడతెగకుండా ఇక్కడే నివసించి ఉండాలి కూడా. వచ్చిపోయే లెక్కతో అది ఎప్పటికీ నిండదు.

పెళ్లయిపోయి వస్తున్నవాళ్లు అక్కడి రాయబార కార్యాలయం నుంచే ఎక్స్-2 వీసా తీసుకుని విమానం ఎక్కడం మంచిది. వేరే వీసా మీద ఇక్కడికొచ్చి, ఇక్కడ ఉండగా భారత పౌరుణ్ణి పెళ్లి చేసుకున్నవాళ్లకు వీసా మార్చుకునే వెసులుబాటు ఉంది. వీసా 180 రోజులకు మించినదైతే దిగిన 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓలో నమోదు చేసుకోవాలి. ఇదంతా 2018 నుంచి ఈ-ఎఫ్ఆర్ఆర్ఓలో ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. విదేశీయులు మన ఇంట్లో దిగితే 24 గంటల్లో ఇంటివాళ్లు ఆ సమాచారం ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. సొంత కోడలైనా, సొంత ఫ్లాటైనా అంతే. అందరూ సి-ఫారం అని పిలిచేది దీన్నే.

గడువు దాటి ఉండిపోవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టంలో దీనికి మూడేళ్ల వరకు జైలు, మూడు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఆ ఇంటికి కోడలై రావడం అందుకు మినహాయింపు కాదు.

రెండేళ్లు నిండగానే కార్డు చేతికి రాదు, దరఖాస్తు చేసే అర్హత మాత్రమే వస్తుంది. ఆ తర్వాత భద్రతా తనిఖీ, విచారణ ఉంటాయి. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడే సందర్భాలూ ఉంటాయి. ఇన్ని రోజుల్లో తెప్పిస్తానని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. ఇక్కడి నుంచి దరఖాస్తు చేస్తే ప్రభుత్వ ఫీజు 15,000 రూపాయలు. అంతకు పైన ఎవరైనా "లోపల చూసుకోవాలి" అంటూ అడిగితే మీరు మోసపోతున్నట్టే.

అపోహ: మా అబ్బాయి ఇక్కడ పుట్టినోడు, ఇండియన్ పాస్‌పోర్టు కూడా ఉంది, స్పాన్సర్ చేయడానికి ఇంకేం కావాలి?

ఒకాయన మియాపూర్ నుంచి ఇలాగే వచ్చారు. పాస్‌పోర్టు చూపించారు. మాటల్లో తేలిందేమిటంటే ఆయన నాలుగేళ్ల కిందటే అమెరికా పౌరసత్వం తీసుకున్నారు, పాత పాస్‌పోర్టు మాత్రం సరెండర్ చేయలేదు. పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న నిమిషంలోనే మన పౌరసత్వం పోతుంది. బీరువాలో ఉన్న పాస్‌పోర్టు దాన్ని నిలబెట్టదు. దాన్ని వాడటం నేరం. ఆ పాస్‌పోర్టు ఆధారంగా భార్యకు దరఖాస్తు పెట్టి ఉంటే ఇద్దరూ చిక్కుకునేవారు.

దారి మూసుకుపోలేదు. ముందు పాస్‌పోర్టు సరెండర్ చేసి, తను ఓసీఐ తీసుకోవాలి. ఓసీఐ కార్డున్నవాళ్ల జీవిత భాగస్వామికీ అదే 7ఏ కింద అర్హత ఉంది, రెండేళ్ల నియమమూ అదే. కాకపోతే వరస తప్పకూడదు.

అర్హత అసలు రానివాళ్లూ ఉన్నారు. తనకు గానీ, తల్లిదండ్రులకు గానీ, తాతలకు, ముత్తాతలకు గానీ ఎప్పుడైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరసత్వం ఉండి ఉంటే, చేతిలో కెనడా పాస్‌పోర్టు ఉన్నా ఓసీఐ ఇవ్వరు. రెండు వైపులా బంధుత్వాలున్న పాతబస్తీ కుటుంబాల్లో ఇది నికా ఖాయం కాకముందే మాట్లాడుకోవాల్సిన విషయం. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు, పనిచేసి రిటైరైనవాళ్లకు కూడా ఇవ్వరు. కొంతమంది అల్లుళ్లు ఈ సంగతి ఫారం నింపేటప్పుడు గానీ చెప్పరు.

అపోహ: ఆధార్ వచ్చింది, ఓసీఐ వచ్చింది, ఇక అమ్మాయి మన పౌరురాలే.

ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. ఏడాదిలో 182 రోజులు ఇక్కడున్న విదేశీయులకూ ఇస్తారు, ఓసీఐ ఉన్నవాళ్లకు పదేళ్లకు ఇస్తారు. ఓటు మాత్రం పౌరులకే. లోకల్ నాయకుడు ఇంటికొచ్చి ఓటరు కార్డు రాయిస్తానంటే మర్యాదగా వద్దనండి. తప్పుడు డిక్లరేషన్‌కు ఏడాది వరకు జైలు ఉంది, సంతకం పెట్టేది మీ కోడలు.

భూమి సంగతీ అంతే. ఫ్లాటు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు ఓసీఐ కార్డు మీద కొనే హక్కు లేదు, 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ఆ మాట స్పష్టంగా చెబుతుంది. చేవెళ్ల వైపో, షాద్‌నగర్ వైపో ఫామ్ ప్లాట్లు అమ్మేవాళ్లు ఇది చెప్పరు. ప్రేమతో కోడలి పేరు మీద ఎకరం రాయించాలనుకున్న మామగార్లను ఇద్దరు ముగ్గుర్ని నేనే ఆపాను.

నిజంగా పౌరసత్వమే కావాలంటే, భారత పౌరుణ్ణి పెళ్లి చేసుకున్నవాళ్లు ఏడేళ్లు ఇక్కడ నివసించి ఉండాలి: దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు పూర్తిగా, దానికి ముందు ఎనిమిదేళ్లలో ఆరేళ్లు. ఓసీఐ తీసుకుని ఐదేళ్లయి, చివరి పన్నెండు నెలలు ఇక్కడున్నవాళ్లకు మరో క్లాజు ఉంది. ఏ దారిలో వెళ్లినా సొంత దేశపు పౌరసత్వం వదులుకోవాలి. అక్కడ ముసలి తల్లిదండ్రులున్న అమ్మాయిని ఆ పని చేయమని అత్తింటివాళ్లు ఒత్తిడి చేయడం నాకు నచ్చదు. చాలామందికి ఓసీఐ సరిపోతుంది.

అపోహ: కార్డు చేతికొచ్చింది, ఇక పని అయిపోయింది.

పెళ్లి ఆధారంగా ఇచ్చిన ఓసీఐ పెళ్లితోనే ముడిపడి ఉంటుంది. విడాకులైతే 7డి సెక్షన్ కింద దాన్ని రద్దు చేయవచ్చు. పదిహేనేళ్లు ఇక్కడ బతికి, తెలుగులో కలలు కనే మనిషైనా సరే, ఇద్దరు పిల్లల తల్లైనా సరే. ఈ నిబంధన చదివిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చిన విదేశీ భార్యతో, లేదా భర్తతో, పది నిమిషాలు విడిగా మాట్లాడతాను. మీ పాస్‌పోర్టు, కార్డు, పెళ్లి సర్టిఫికెట్ ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి, ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ పాస్‌వర్డ్ మీకూ తెలిసి ఉండాలి, అని చెబుతాను. కొందరు అత్తగార్లకు కష్టంగా ఉంటుంది. అయినా చెబుతాను.

మామూలుగా సాగుతున్న సంసారంలోనూ ఒక బాధ్యత ఉంది. కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ మూడు నెలల్లో దాని కాపీ, కొత్త ఫొటో, మా వివాహబంధం కొనసాగుతోందనే డిక్లరేషన్ ఓసీఐ పోర్టల్‌లో పెట్టాలి. 2021లో నిబంధనలు సడలించారని విని, ఇది కూడా పోయిందనుకున్నవాళ్లను చూశాను. పెళ్లి ద్వారా వచ్చిన కార్డులకు ఇది అలాగే ఉంది.

ఆ పోలండ్ అమ్మాయి కథ. అత్తగారు కాఫీ తాగుతూ ఆల్బమ్ చూపిస్తుంటే, ఆ పిల్ల మెల్లగా అబ్బాయి చెవిలో ఏదో అంది. అబ్బాయి తలొంచుకుని చెప్పాడు: ఇక్కడ పెళ్లికి పధ్నాలుగు నెలల ముందే వార్సాలో రిజిస్ట్రార్ ఎదుట సంతకాలు పెట్టారట. అమ్మ బాధపడుతుందని దాచారు. సర్టిఫికెట్ అక్కడే ఒక స్నేహితురాలి ఇంట్లో ఉంది. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ కాగితం పనికొస్తదా మేడమ్?" అని అడిగారు.

పనికొచ్చింది. గడువు ముగియకముందే అమ్మాయి వార్సా వెళ్లి, దానికి అపోస్టిల్, ఇంగ్లీషు అనువాదం చేయించుకుని, ఎక్స్-2 వీసాతో ఉగాదికి తిరిగొచ్చింది. పన్నెండో రోజున ఎఫ్ఆర్ఆర్ఓ నమోదు పూర్తయింది. ఆ సర్టిఫికెట్ తేదీ ప్రకారం రెండేళ్లు ఎప్పుడో నిండాయి. ఇప్పుడు శ్రావణం నడుస్తోంది, వినాయక చవితి వెళ్లగానే ఇక్కడ ఆరు నెలలూ నిండుతాయి. ఫైలు సిద్ధంగా ఉంది. ఫొటో ఒక్కటే మళ్లీ తీయించాలి: ఓసీఐకి చదరపు ఫొటో కావాలి, వెనక లేత రంగు ఉండాలి, తెలుపు పనికిరాదు. వాళ్ల వీధిలోని స్టూడియో అబ్బాయి రెండుసార్లూ తెల్ల పరదా ముందే తీశాడు.